పంది చెవి కోసిందెవరు?

"కేసు అయిపోయిందమ్మా. పదకొండు గంటల బండికి తిరువళ్ళూరు పో."

ఇన్‌స్పెక్టర్ వరదన్ నన్ను చూసినప్పుడల్లా ముందు రైలు టైము చెబుతాడు. కుర్చీ చూపించడం ఆ తరువాత, అదీ గుర్తొస్తే. తిరుత్తణిలో ఆయన గదికి ఈ వారంలో నేను రావడం మూడోసారి. కుర్చీ నేనే లాక్కుని కూర్చున్నాను.

"ఏ కేసు సార్? మీరు కేసే రాయలేదు కదా."

"రాయలేదు కాబట్టే తొందరగా అయిపోయింది." తన మాటకు తానే నవ్వుకుని, బల్ల మీది కాగితం నా వైపు తోశాడు. "మద్రాసు లాబరేటరీ రిపోర్టు. చదువు. నువ్వు రక్త పరీక్షల చోట పనిచేసినదానివే కదా, పెళ్ళికొడుకుల వెనకాల తిరగకముందు."

ఆ దెప్పు నాకు కొత్త కాదు. మద్రాసులో ఒక పెద్ద లాబరేటరీలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. తప్పుడు రిపోర్టు మీద సంతకం పెట్టమన్న పై అధికారి మొహాన ఉద్యోగం కొట్టి బయటికొచ్చాను. ఇప్పుడు తిరువళ్ళూరులో సైకిల్ షాపు మీద గది, గది బయట బోర్డు: కోకిల, ప్రైవేట్ డిటెక్టివ్. వచ్చే కేసులన్నీ దాదాపు పెళ్ళి విచారణలే. అబ్బాయి తాగుతాడా, చెప్పిన ఇంటిపేరు నిజమేనా, వేరే ఊళ్ళో ఇంకో కాపురం ఉందా. అన్నం పెట్టే పనికి నేను సిగ్గుపడను.

రిపోర్టు చదివాను. నల్లేరి గ్రామం, సుదర్శనం, రైతు. రక్తంలో గ్రూప్ బి వైరస్‌ను ఎదిరించే ప్రతిరక్షకాలు చాలా ఎక్కువ. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కావచ్చు. మనం మెదడువాపు జ్వరం అంటామే, అది. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళు కూడా 'మూళై కాచ్చల్' అనే అంటారు.

"చూసినావా? జబ్బుతో పోయినాడు. ఆ జబ్బు పందులది. పందులు చెంగమ్మవి. పంచాయతీ ప్రెసిడెంటు సాయంత్రం అయిదింటికి ట్రాక్టర్ తీసుకుపోయి ఆ గుడిసెలు తీయించేస్తాడు. నేను బందోబస్తు ఇస్తా. సరేనా?"

సరే కాదు. ఆ ఎనిమిది గుడిసెలూ సుదర్శనం పొలంలోనే ఉన్నాయి. ఆ స్థలం వాళ్ళ పేరున రాసిస్తానని ఆయన ఊరందరి ముందూ మాటిచ్చాడు. మాటిచ్చిన నెలలోనే, తిరుత్తణి కొండ మీది సుబ్రహ్మణ్యస్వామికి పండగైన కృత్తిక నాడు, మూర్ఛలొచ్చి పోయాడు. అంటుజబ్బని చెప్పి, పోస్ట్‌మార్టం కూడా లేకుండా, ఆ రాత్రికి రాత్రే కాల్చేశారు. కాల్చింది ఆయన తమ్ముడు, పంచాయతీ ప్రెసిడెంటు లోకనాథం. అదే స్థలంలో రైస్ మిల్లు పెట్టాలని రెండేళ్ళుగా కలవరిస్తున్నదీ ఆయనే. సాయంత్రానికి ట్రాక్టర్ తిరిగిందంటే, చెంగమ్మకూ మిగతా ఏడు కుటుంబాలకూ తల దాచుకునే చోటు ఉండదు.

చెంగమ్మ నా క్లయింటు. అప్పటిదాకా వరండాలో కూర్చున్న మనిషి లేచి గుమ్మంలోకొచ్చి నిలబడింది. అరవై దాటినా వంగని నడుము.

"అయ్యా, నా పంది చెవి సంగతి ఏమాయ?"

గదిలో ఉన్న కానిస్టేబుళ్ళు పకపకా నవ్వారు. ఇది వాళ్ళకు వారం నుంచీ దొరికిన వేడుక. కృత్తిక నాడు పొద్దున పందుల మీద ఫిర్యాదు వచ్చిందని వరదన్ చెంగమ్మను పిలిపించి, సాయంత్రం దాకా ఇదే వరండాలో కూర్చోబెట్టాడు. ఆమె ఇంటికి పోయి చూస్తే కట్టేసి ఉన్న పడుచు పందికి చెవి కోసి ఉంది, నేలంతా రక్తం. మరునాడే వచ్చి కంప్లయింటు ఇచ్చింది. ఎవరూ రాసుకోలేదు.

"ఊళ్ళో మనుషులు చస్తా ఉంటే పంది చెవికి కేసు రాయమంటావా?" వరదన్ గద్దించాడు.

"మనుషులు చచ్చేది నాకు తెలవదా సార్? చచ్చిన ఇద్దరు బిడ్డల్లో ఒకతి నా మనవరాలు. నాలుగు దినాలు నిప్పు మాదిరి కాలినాది. తల పైకెత్తలేకపోయ, మెడ కట్టె అయిపోయ. నన్నే గుర్తుపట్టలేదు." ఆమె గొంతు తడబడలేదు. "నా పందుల్ని తోలేయమంటే తోలేస్తా. నా ఇల్లు ఎందుకు దున్నతారు?"

నేను రిపోర్టు తిరిగి ఆయన ముందు పెట్టాను.

"సార్, గ్రూప్ బి అనేది ఇంటిపేరు. మనిషి పేరు కాదు. డెంగ్యూ ఆ ఇంటిదే, వెస్ట్ నైల్ అనేదొకటి ఆ ఇంటిదే, ఈ మెదడువాపూ ఆ ఇంటిదే. ఈ పరీక్షలో ఒకణ్ణి పిలిస్తే ఇంటిల్లిపాదీ పలుకుతారు. ఇంటిపేరు కలిసిందని పెళ్ళికొడుకు వీడేనని నేను సర్టిఫికెట్ ఇస్తే మీరు ఊరుకుంటారా?"

"కావచ్చు అని రాసినారు కదా."

"కావచ్చు అనే రాసినారు. అవునని రాయలేదు. తేల్చాలంటే కొన్నాళ్ళకు రెండోసారి రక్తం తీసి, పెరిగిందా లేదా చూడాలి."

"చచ్చినోడి దగ్గర రెండోసారి యాడ తీస్తావమ్మా?"

"ఇంకో మాట. సుదర్శనం ఎప్పుడు జబ్బు పడినాడు?"

"మధ్యాహ్నం పడినాడు. పొద్దు గుంకకముందే పోయినాడు."

"ప్రతిరక్షకాలు అంత తొందరగా పుట్టవు సార్. జబ్బొచ్చిన రోజున ఇంత ఉండనే ఉండవు. ఈ రిపోర్టులో ఉన్న రక్తం ఎప్పుడో జబ్బు పడి లేచి, హాయిగా తిరుగుతా ఉండే ఒంటిది. మధ్యాహ్నం పడి సాయంత్రం పోయిన మనిషిది కాదు."

వరదన్ మొహంలో నవ్వు కాస్త తగ్గింది. అంతలోనే సర్దుకున్నాడు.

"అయిదింటిదాకా ఊరంతా తిరుగు. ఎవరు వద్దన్నారు? అయిదైతే మాత్రం నా జీపు అక్కడుంటుంది."

"నేనూ అక్కడే ఉంటా," అన్నాను.

పదకొండు గంటల బండి కూత వేసి పోయింది. నేను ఎక్కలేదు.

*

కొండ కింద ఒక అద్దె ఇంట్లో దోమల జ్వరాల సర్వే క్యాంపు నడుస్తోంది. పేరుకు డాక్టరే అయినా ఆరోగ్యస్వామి మనుషుల కన్నా దోమలతోనే ఎక్కువ మాట్లాడతాడు. నేను పోయేసరికి భూతద్దం కింద ఒక దోమ పొట్ట నొక్కుతున్నాడు.

"రా కోకిలా. దీన్ని చూడు, వరిమడిలో పుట్టిన క్యూలెక్స్. సందె వేళ పశువుల మీద వాలుతుంది. ఈ జ్వరాన్ని మోసేది ఇదే."

"మోసి ఎక్కడ దింపుతుంది సార్? మీ నోట ఒకసారి వినాలి. మా ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాలి."

ఆయనకు కావలసింది అదే. వైరస్ అసలు కాపురం కొంగల్లో. కొంగకు ఏమీ కాదు. కొంగ నుంచి దోమకు, దోమ నుంచి పందికి. పందికీ పైకి ఏమీ కనబడదు, కానీ దాని రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. ఆ పందిని కుట్టిన దోమలు వందల్లో తయారవుతాయి. వాటిలో ఒకటి దారి తప్పి మనిషిని కుడుతుంది. అక్కడితో ఆ దారి మూసుకుపోతుంది. మనిషి రక్తంలో అది దోమ పట్టుకుపోయేటంత ఉండదు.

"అంటే మనిషి నుంచి మనిషికి రాదు?"

"రాదు. పక్కన పడుకున్నా రాదు, ముట్టుకున్నా రాదు. చుట్టూ కొవ్వు పొరతో బతికే పురుగు అది, బయట పడితే సబ్బు నీళ్ళకే చస్తుంది. ఇంకో తమాషా తెలుసా? ఈ గ్రూప్ బి వాటిని, అంటే ఫ్లేవీవైరస్‌లను, ఇప్పటిదాకా టోగా అనే ఉమ్మడి కుటుంబంలో పెట్టినారు. పైకి పోలికలున్నాయి, అందరూ దోమల మీదే తిరుగుతారు, కాబట్టి ఒకే ఇల్లు అన్నారు. లోపల పని చేసే తీరు వేరని ఇప్పుడు తెలిసింది. వేరు కాపురం పెట్టించాలని పెద్దలు వాదులాడుకుంటున్నారు."

"అన్నదమ్ములు పంపకాలు కోరితే మంచిదే సార్. కోరకుండా చంపుకుంటేనే కష్టం."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. నేను సుదర్శనం రక్తపు సీసా గురించి అడిగాను. మూర్ఛల కేసు ఏదైనా వస్తే రక్తం తీసి ఉంచమని క్యాంపువాళ్ళు నల్లేరి ప్రెసిడెంటు ఇంట్లో ఖాళీ సీసాలూ ఐస్ ఫ్లాస్కూ పెట్టి వచ్చారు. అప్పుడే ఆరోగ్యస్వామి ఊరివాళ్ళకు ఈ జ్వరం సంగతి చెప్పి, పంది చెవి నరంలోంచి రక్తం తీయడం కూడా చూపించాడు. సుదర్శనం సీసా అక్కడి నుంచే వచ్చింది. సగం సీరం మద్రాసుకు పోయింది, సగం ఇక్కడే ఐస్‌లో ఉంది.

"సార్, దోమ పొట్టలో ఉండే రక్తం ఆవుదా మనిషిదా పందిదా అని మీరు పరీక్ష చేస్తారు కదా?"

"చేస్తాం. ఒక్కో జంతువుకు ఒక్కో మందు ఉంది. రక్తం ఆ జంతువుదే అయితే, మందుకూ రక్తానికీ మధ్య తెల్ల గీత పడుతుంది."

"అదే పరీక్ష ఈ సీసాకు చేయండి."

"మనిషి రక్తానికా? ఎందుకు?"

"చెంగమ్మ పంది చెవి ఎవరో కోసినారు సార్. ఈ తాలూకాలో ఆ ముక్క నవ్వకుండా విన్నది నేనొక్కదాన్నే."

ఆరోగ్యస్వామి చేతిలో దోమ జారిపోయింది. "అయిదు లోపల వస్తా," అన్నాడు.

*

నల్లేరిలో సుదర్శనం గది తెల్లగా మెరిసిపోతోంది. గోడలకు కొత్త సున్నం, నేలకు కొత్త అలుకు. చాప, దిండు, పంచె, తాగిన చెంబుతో సహా పెరట్లో వేసి కాల్చేశారు. అంటుజబ్బు ఇంట్లో ఎవరైనా చేసేదే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

భార్య అలమేలు గోడకానుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి, కానీ మాట స్పష్టంగా ఉంది.

"అక్కా, ఆ రోజు ఆయన ఏం తిన్నాడు?"

"ఏం తినలేదమ్మా. కృత్తిక కదా, ఒక్కపొద్దు. ముప్పై ఏండ్లుగా కృత్తికకు సందె దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టడు. మధ్యాహ్నం మా మరిది కొండ నుంచి పంచామృతం తెచ్చి చేతిలో పెట్టినాడు. స్వామి ప్రసాదం కాదనకూడదని అది మాత్రం తిన్నాడు."

నేను మళ్ళీ ఒకసారి అడిగి విన్నాను. ముప్పై ఏళ్ళుగా ఉపవాసం తప్పని మనిషి. ప్రసాదం కాదనడని తెలిసినవాడే ఆ రోజును ఎంచుకున్నాడు. ఎంచుకోవడంలోనే దొరికిపోయాడు. వేరే రోజైతే విషం అన్నంలో వచ్చిందా, మజ్జిగలో వచ్చిందా, దారిలో తాగిన టీలో వచ్చిందా అని నెల తిరిగినా తేలదు. ఒక్కపొద్దు మనిషి నోట్లోకి ఆ రోజు పోయింది ఒక్కటే.

"ఒళ్ళు కాలిందా అక్కా?"

"లేదు. చల్లగా ఉంది. చెమటలు కారిపోతా ఉంది. నోట్లో నురగ, కండ్ల నిండా నీళ్ళు. నల్లగుడ్లు చూస్తే ఆవగింజంత అయిపోయినాయి. నాకు భయమేసి మొహం చూడలేకపోయినా." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ కిటికీలోంచి వాంతి చేసుకున్నాడు."

కిటికీ! లోపల అంతా సున్నం కొట్టారు. బయట కొట్టలేదు.

నేను ఇంటి వెనక్కి పరిగెత్తాను. కిటికీ కింద, చూరు నీళ్ళు పడని మూలలో, నేల మీద నల్ల పొడి రాశి పోసినట్టుంది. వంగి చూస్తే చీమలు. బారుగా వచ్చినవి వచ్చినట్టే చచ్చిపడి ఉన్నాయి, మధ్యలో రెండు మూడు ఈగలు.

"అక్కా, ఇక్కడ ఇంకేమన్నా చచ్చినాయా?"

"రెండు కోళ్ళు. అదే దినం. అవి గూడా మూళై కాచ్చల్‌తోనే అని మరిది పూడ్చిపెట్టించినాడు."

"ఎవరక్కడ?" వెనక నుంచి గొంతు వినిపించింది. లోకనాథం. తెల్ల చొక్కా, తెల్ల పంచె, కొండంత దిగులు మొహాన పులుముకుని ఉన్నాడు. "చచ్చిన ఇంటికొచ్చి మా వదినను ఏందిమా ఈ ప్రశ్నలు? పో బయటికి."

"పోతాను ప్రెసిడెంటు గారూ. మెదడువాపు వైరస్ పక్షుల్లో ఏ ఇబ్బందీ లేకుండా కాపురం చేస్తుంది. రెండు కోళ్ళను ఒకే పూట ఎట్లా చంపిందో మీకేమన్నా తెలుసా?"

"నేనేమన్నా డాక్టర్‌నా?"

"సరే, చీమలు? చీమలకు వచ్చే మెదడువాపు జ్వరం ఇంతవరకు ఏ డాక్టరూ కనిపెట్టలేదు. పురుగుల మందు మాత్రం కనిపెట్టినారు. మీ వరికి కొడతారు కదా."

ఆయన కంటి రెప్ప ఒక్కసారి కొట్టుకుంది. అంతే. "నీకు పిచ్చి పట్టింది. వరదన్ సార్‌కు చెబుతా," అని గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

నేను కిటికీ కింది మట్టిని గోకి రుమాలులో మూట కట్టుకున్నాను. అలమేలు కిటికీ కమ్మి పట్టుకుని అంతా చూస్తూ నిలబడింది. ఆమెకు అర్థమైపోయిందని ఆమె చేతివేళ్ళు చూస్తేనే తెలిసింది.

*

రిపోర్టు మీద రక్తం తీసినవాడి పేరు కాంపౌండర్ నటరాజ్ అని ఉంది. మోటారు బావి దగ్గర పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళవాడు. నున్నటి గుండు మీద వెంట్రుక మొలకలు ఇప్పుడే గరుకు తేలుతున్నాయి.

"గుండు ఎప్పుడు?"

"మొన్న కృత్తికకు, కొండ మీద. పాపకు బాగైతే ఇస్తానని మొక్కుకున్నా."

"కొండకు ఎప్పుడు పోయినావు?"

"తెల్లారకముందే. రొంబ జనం. దర్శనం అయి దిగేసరికి మధ్యాహ్నం దాటిపోయ."

"మరి సుదర్శనం రక్తం తీసింది నువ్వేనని రాసినావే?"

నీళ్ళు తోడుకుంటున్న చేతులు ఆగిపోయాయి. "నేనే తీసినా."

"సంతోషం. ఆ తల మీద చెయ్యి పెట్టి చెప్పు. సుబ్రహ్మణ్యస్వామికి ఇచ్చిన తల కదా, దాని మీద చెయ్యి పెట్టి 'నేనే తీసినా' అను. నేను ఇప్పుడే బండెక్కి పోతా."

చెయ్యి పైకి లేచింది. చెవి దాకా వచ్చింది. అక్కడే ఆగింది. అతను బావి గట్టు మీద కూలబడ్డాడు.

"అక్కా, నా ఉద్యోగం పోతాది."

"ఎనిమిది ఇండ్లు పోతా ఉండాయి నటరాజూ. నీ ఉద్యోగం సంగతి తరువాత మాట్లాడదాం."

"నేను కొండ దిగి వచ్చేసరికి లోపల నుంచి సుదర్శనం మామ కేకలు వినిపిస్తా ఉన్నాయి. పోబోతే ప్రెసిడెంటన్న నన్ను వాకిట్లోనే నిలిపేసినాడు. అంటుకుంటాది, లోపలికి రావద్దు, రక్తం నేనే తీసేసినా, నీ పేరు రాసి క్యాంపుకు ఇచ్చి రా అన్నాడు. సీసా చేతిలో పెట్టినాడు."

"అప్పుడు సీసాలో రక్తం ఎట్లుంది? ఎర్రగా పల్చగా ఉందా?"

"లేదు. గడ్డ అడుక్కు దిగిపోయింది. పైన పచ్చనీళ్ళు తేరుకుని ఉన్నాయి."

తొమ్మిదేళ్ళు నేను చేసిన పని అదే. తీసిన రక్తం అలా విడిపోవాలంటే గంటలు పట్టాలి. సుదర్శనం అప్పుడే పడ్డాడు. ఆ సీసాలో రక్తం ఆయన పడకముందే నిండింది.

"ఇది నలుగురిలో చెప్తావా?"

అతను గుండు నిమురుకున్నాడు. "చెప్తా," అన్నాడు చివరికి.

*

అయిదుకు ట్రాక్టర్ వచ్చింది. దాని వెనక ఊరు. ఊరు పక్కన వరదన్ జీపు. గుడిసెల ముందు చెంగమ్మ, ఆమె వెనక మిగతా ఏడు ఇళ్ళవాళ్ళు చంటిపిల్లలతో సహా నిలబడ్డారు. నేను పోయి చెంగమ్మ పక్కన నిలబడ్డాను. ట్రాక్టర్ ఇంజను మోత చెవులు పగలగొడుతోంది.

"తప్పుకో కోకిలా," వరదన్ అరిచాడు.

"తప్పుకోను సార్. తొక్కించండి. అప్పుడైనా ఒక కేసు రాస్తారు."

"ఈ పందులు మా అన్నను పొట్టన పెట్టుకున్నాయి!" లోకనాథం జనం వైపు తిరిగి చేతులెత్తాడు. "ఇద్దరు పిల్లలను మింగినాయి. ఇంకెంత మంది పోవాలి?"

"పిల్లలు ఆ జ్వరంతోనే పోయినారు, నిజం," అన్నాను గొంతెత్తి. "పందుల్ని ఊరికి దూరంగా పెట్టాలి, అదీ నిజం. చెంగమ్మక్కే తోలేస్తానంటా ఉంది. మీ అన్న మాత్రం ఆ జ్వరంతో పోలేదు."

అప్పుడే క్యాంపు జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. ఆరోగ్యస్వామి దిగాడు. చేతిలో సన్నటి గాజు గొట్టాల స్టాండు. ఆయన ఎవరికీ నమస్కారం పెట్టలేదు, నేరుగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికే పోయాడు.

"మూడుసార్లు చేసినాను. మనిషి మందుతో గీత పడలేదు. ఆవు మందుతో పడలేదు. పంది మందుతో పడింది. సుదర్శనం పేరుతో వచ్చిన సీసాలో ఉన్నది పంది రక్తం."

ఇంజను మోతలోనూ ఆ మాట అందరికీ వినపడింది. ట్రాక్టర్ నడిపే మనిషి తనంతట తానే ఇంజను ఆపేశాడు.

"క్రిమి పంది రక్తంలో పెరుగుతుందని డాక్టర్ గారు మీ ఊరికొచ్చి చెప్పినారు," అన్నాను లోకనాథంతో. "చెవి నరంలోంచి రక్తం తీయడం కూడా చూపించినారు. మీరు శ్రద్ధగా విన్నారు. పంది రక్తమైతే రిపోర్టు తప్పకుండా మీకు కావలసినట్టే వస్తుందనుకున్నారు. వచ్చింది కూడా. కానీ పంది ఎప్పుడో జబ్బు పడి లేచింది. మీ అన్నకు జబ్బు పడే వ్యవధి కూడా మీరివ్వలేదు."

లోకనాథం తెల్లబోయాడు. కానీ గట్టివాడు, క్షణంలో తేరుకున్నాడు.

"పంది రక్తమా? పందులు ఎవరివి సార్? ఈమెవే కదా! మా అన్నకు విషం పెట్టింది ఈమే. సీసా మార్చిందీ ఈమే!"

జనంలో గోల లేచింది. వరదన్ మొహం చూశాను. ఆ మాట ఆయనకు పట్టింది. ఆమెను కాపాడడానికి నేను తెచ్చిన సాక్ష్యమే ఆమె మెడకు చుట్టుకుంటోంది.

"చెంగమ్మా," అన్నాడు వరదన్, "నీ పంది రక్తం నీకు తెలియకుండా యాడికి పోతాది? జీపెక్కు."

చెంగమ్మ కదల్లేదు. ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"కృత్తిక నాడు నేను యాడ ఉన్నా సార్?"

వరదన్ కానిస్టేబుళ్ళ వైపు చూశాడు.

"యాడ ఉన్నానో చెప్పండి. పొద్దున మీ పోలీసాయన వచ్చి పిలుచుకొని పోయినాడు. సందె దాకా మీ వరండాలో కూర్చున్నా. నీళ్ళు అడిగితే గూడా ఇయ్యలేదు. నేను మీవాళ్ళ కళ్ళ ముందర ఉన్నప్పుడే నా పంది చెవి కోసినారు. మరునాడే వచ్చి చెప్పినా. మీరంతా నవ్వినారు."

నటరాజ్ జనంలోంచి ముందుకొచ్చి, తల మీద చెయ్యి పెట్టుకుని, బావి దగ్గర చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు. గడ్డకట్టిన సీసాతో సహా.

వరదన్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నాకు ఆయన మీద ఎన్ని కోపాలున్నా, మనిషి అమ్ముడుపోయినవాడు కాదు. మొండివాడు, అంతే. ఆ మొండితనం ఇప్పుడు నెమ్మదిగా ఇంకో వైపు తిరగడం నేను చూశాను.

"ప్రెసిడెంటూ," అన్నాడు. గొంతు చాలా తగ్గించి. "ఆ దినం పొద్దున నేను కొండ డ్యూటీకి బయలుదేరతా ఉంటే నా జీపుకు అడ్డం వచ్చి ఈమె మీద ఫిర్యాదు చెప్పింది నువ్వే కదా. 'ఇప్పుడే పిలిపించి కూర్చోబెట్టండి సార్, సాయంత్రం దాకా వదలొద్దు, మా అన్నకు గూడా ఈ పందుల జ్వరమే తగిలింది' అన్నావు."

"అవును సార్, అన్నా..."

"మీ అన్న పడింది మధ్యాహ్నం కదయ్యా."

జనంలోంచి అలమేలు గొంతు వచ్చింది. ఎప్పుడు వచ్చిందో, గుడిసెలవాళ్ళ పక్కన నిలబడి ఉంది.

"పొద్దున ఆయన మడవ కట్టడానికి పొలానికి పోయినాడు. నవ్వతా పోయినాడు." ఆమె మరిది మొహంలోకి చూసింది. "పొద్దున పోలీసాయన జీపు కాడ ఉన్నోడివి, తరవాత పందుల దొడ్డిలో ఉన్నోడివి, కొండకు ఎప్పుడు పోయినావు? పంచామృతం యాడ తెచ్చినావు నాయనా?"

లోకనాథం ట్రాక్టర్ వైపు ఒక అడుగు వేశాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో రెక్కా పట్టుకున్నారు. వారం రోజులు నవ్విన ఆ ఇద్దరే. నేను మట్టి మూట వరదన్ చేతిలో పెట్టాను. ఆయన తీసుకున్నాడు, నా మొహం చూడలేదు. రైలు టైము కూడా చెప్పలేదు.

చెంగమ్మ ఇంకా ఆయన ముందే నిలబడి ఉంది.

"ఇప్పుడన్నా రాసుకుంటారా సార్?"

వరదన్ జీపులోంచి కాగితాల అట్ట తెప్పించాడు. ట్రాక్టర్ మడ్‌గార్డు మీద పెట్టుకుని పెన్ను మూత తీశాడు.

"సరి. మొదటి నుంచి చెప్పు. పంది చెవి ఎప్పుడు కోసినారు?"

"మొదలు అది కాదు సార్," అంది చెంగమ్మ. "మొదలు మీరు నన్ను కూర్చోబెట్టినారు. ఆడ నుంచి రాసుకోండి."